నల్లతెర మాస్టారు

గోపాలపట్నం మెయిన్ రోడ్డు మీద బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే, కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన నవ్వుతున్నాడు. ఫొటో చుట్టూ పూలదండ బొమ్మ. పైన ఎర్ర అక్షరాలతో, ‘యారాడ ఆడపిల్లలకు కంప్యూటర్ వెలుగునిచ్చిన మహనీయుడికి అశ్రునివాళి’ అని ఉంది. కింద ఆయన పనిచేసిన ఇన్‌స్టిట్యూట్ పేరు, ఫోన్ నంబరు, కొత్త బ్యాచీల వివరాలు.

ఆయన పోయిన సంగతి నాకు అలా తెలిసింది. ఏడుపు రాలేదు. ఆ ఎర్ర అక్షరాల వాక్యం మీద మాత్రం ఒళ్లు మండిపోయింది. పక్క సీట్లో కూర్చున్నావిడ నా ముఖం చూసి, “తెలిసినోరా అమ్మా?” అని అడిగింది. తెలిసినవాడేనన్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. మేమెవరమూ ఆయన్ని పేరుతో పిలవలేదు కూడా. ఆడపిల్లలకు మాస్టారు, నాకు అన్నయ్య.

అప్పట్లో నేను గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. మధ్యాహ్నం స్కూలు వదలగానే సింధియా జంక్షన్ దగ్గర బస్సెక్కి, కొండ దాటి యారాడ వెళ్లేదాన్ని. అక్కడ ఒక సేవాసంఘం కట్టించిన హాలుంది. హాలు పక్క గదిలో చేపల వేటకెళ్లే కుటుంబాల ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పేదాన్ని. కంప్యూటర్లు మాకు దానంగా వచ్చినవి. పోర్టు దగ్గర ఏదో షిప్పింగ్ ఆఫీసువాళ్లు కొత్తవి కొనుక్కుని పాతవి మాకిచ్చేశారు. అవి నత్తల్లా నడుస్తుంటే, ఎవరో కాలేజీ కుర్రవాడు వచ్చి లినక్స్ వేసిపెట్టాడు. అందరూ కలిసి రాసి ఉచితంగా పంచే ఆపరేటింగ్ సిస్టమ్ అనీ, పాత మిషన్ల మీద హాయిగా నడుస్తుందనీ చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు స్విచ్ వేస్తే ఒక్క క్షణం కంపెనీ గుర్తు కనిపించి తెరలన్నీ నల్లబడిపోయాయి. కొన్నింటి మీద ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అనే చిన్న డబ్బా ఆ మూల నుంచి ఈ మూలకి తేలుతోంది. పిల్లలు నా ముఖంలోకి చూశారు. నాకేం తెలుసు? ఆపి మళ్లీ వేశాను. మళ్లీ నలుపే.

సంఘం కమిటీలో ఒకాయన, స్టీల్‌ప్లాంటులో తనతో పనిచేసి రిటైరైన స్నేహితుణ్ణి పంపిస్తానన్నాడు. అలా వచ్చాడాయన. పొట్టి మనిషి, తగరపువలస వైపు వాడు. ప్లాంటులో మీటర్లూ, కంట్రోల్ ప్యానెళ్లూ చూసే విభాగంలో ఇంజినీరు. ప్యాంటు బొడ్డు మీదికి లాగి బెల్టు బిగించి, జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవరు పెట్టుకునేవాడు. గది గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికొచ్చి, దేన్నీ ముట్టుకోకుండా ఒక మిషన్ పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

“ఏటమ్మా, ఏటయినాది?”

“చచ్చిపోయాయి సార్.”

“ఎవులు సెప్పినారు?”

స్విచ్ వేయమన్నాడు. చెయ్యి పైకెత్తి మమ్మల్ని మాట్లాడొద్దన్నాడు. చెవి కేబినెట్‌కి ఆనించాడు. “సూడు, ఫేను తిరుగుతంది. డిస్కు గరగరమంటంది.” తర్వాత కీబోర్డు మీద నమ్‌లాక్ మీట నొక్కాడు. మూలనున్న చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. మళ్లీ నొక్కితే ఆరింది. ఆయన ముఖమంతా నవ్వు.

“పలుకుతంది గదా! సచ్చినోడు పిలిత్తే పలుకుతాడేటి? బొమ్మ రానేదంతే. బొమ్మ రాకపోతే సచ్చిపోనట్టు కాదు సెల్లెమ్మా.”

ఆ రోజు నుంచీ నేను ఆయనకు చెల్లెమ్మనే.

ఆ నల్లతెర రోగం గురించి ఆయన చెప్పినంత తేలిగ్గా నాకు ఇంకెవరూ చెప్పలేదు. అసలు సిస్టమ్‌ని నిద్ర లేపే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంటుంది, దాని పేరు బూట్‌లోడర్. అది లేస్తూనే తెరకు ఎంత వెడల్పు, ఎంత ఎత్తు బొమ్మ పంపాలో నిర్ణయించేస్తుంది. “మన మానిటర్లు ముసిలివి. అది పంపించే బొమ్మ ఈటికి అందదు. అలిగిన మొగుడూ పెళ్లాల్లాగ ఇద్దరూ తలుపులేసుకుని కూకున్నారు. మధ్యలో మనం ఎల్లి సెప్పాల, బాబూ, నువ్వు సిన్న బొమ్మే పంపు అని.”

ఎలా చెప్పాలో చూపించాడు. మిషన్ లేచేటప్పుడు షిఫ్ట్ పట్టుకుంటే మెనూ వస్తుంది. అక్కడ ‘ఇ’ అక్షరం నొక్కితే లేపే ఆజ్ఞలు కనిపిస్తాయి. లినక్స్ అని మొదలయ్యే వరస చివరకు వెళ్లి ‘నోమోడ్‌సెట్’ అని కొట్టాలి. గొప్పలకు పోయి కొత్త బొమ్మ పెట్టబోకు, ఉన్నదానితోనే సర్దుకో అని దానర్థం. కంట్రోల్‌తో కలిపి ఎక్స్ నొక్కగానే తెర మీద తెల్లటి అక్షరాలు వరసలు వరసలుగా పరుగెత్తి, డెస్క్‌టాప్ అనే నీలం రంగు బల్ల విప్పుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తర్వాత ఒక్కొక్క మిషన్‌లోనూ బూట్‌లోడర్ సెట్టింగుల్లోకి వెళ్లి, ముసలి మానిటర్లకు నప్పే కొలత రాసిపెట్టాడు. ఆ వరసలో ‘క్వైట్’ అనే మాట కనిపిస్తే ఊరుకునేవాడు కాదు, చెరిపేసేవాడు. ఆ మాట ఉంటే మిషన్ లేచేటప్పుడు ఏం చేస్తోందో తెర మీద చెప్పదు.

“నోరు మూసుకుని పని సెయ్యమనడం ఏటి? ఏటి సేత్తన్నాదో సెప్తా సెయ్యాల. ఎక్కడ ఆగిపోనాదో అప్పుడు గదా మనకి తెలుత్తాది!”

ఎవరూ పిలవకుండానే వారంలో సగం రోజులు వచ్చేవాడు. సముద్రపు ఉప్పుగాలికి లోపలి భాగాలు తుప్పుపట్టేవి. పిల్లల దగ్గర పెన్సిల్ రబ్బర్లు అడుక్కుని, మెమరీ ముక్కలు బయటికి తీసి, వాటి బంగారు పళ్లు రుద్దుతూ కూర్చునేవాడు. తీసుకున్న రబ్బరు ఒక్కటీ తిరిగి ఇచ్చేవాడు కాదు. “మాస్టారూ, నా రబ్బరు!” అంటే “అరిగిపోనాదమ్మా” అని ఖాళీ అరచెయ్యి చూపించేవాడు. జేబు మాత్రం ఉబ్బెత్తుగా ఉండేది.

ఇంకో ఆట ఉండేది ఆయనకు. భుజం మీది తువ్వాలు తీసి మానిటర్ మీద కప్పేసి, “ఇప్పుడు సెయ్యండి” అనేవాడు. కొన్నిసార్లు బూట్‌లోడర్ మెనూ కూడా కనిపించదు కదా, అప్పుడు చూడకుండా కొట్టడం రావాలి. మెనూ వచ్చే క్షణం మనసులో లెక్కపెట్టుకుని, ‘సి’ నొక్కి, ‘టెర్మినల్ అవుట్‌పుట్ కన్సోల్’ అనే ఆజ్ఞ గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కాలి. అది పడితే బూట్‌లోడర్ బొమ్మలు మానేసి ఉత్త అక్షరాల్లోకి దిగుతుంది. ఉత్త అక్షరాలు ఎంత ముసలి మానిటరైనా చూపిస్తుంది.

“మీ అయ్యలు వల అల్లేటప్పుడు సూత్తారేటి? కబుర్లు సెప్పుకుంటానే అల్లతారు. సేతి ఏళ్లకి తెలవాల,” అనేవాడు.

ఆ ఆటలో అందరికంటే ముందు గెలిచింది నూకరత్నం. ఆయన రత్తం అని పిలిచేవాడు. పెళ్లయిన పిల్ల. పొద్దున్నే చేపల బుట్టతో కొండ దాటి వెళ్లి అమ్ముకుని, మధ్యాహ్నం స్నానం చేసి కంప్యూటర్ ముందు కూర్చునేది. సముద్రం మీద గాలి ఎలా ఉంటుందో, కెరటం ఎంత ఎత్తు లేస్తుందో సర్కారువాళ్లు ఇంటర్నెట్‌లో పెడతారని ఆయనే ఆమెకు చూపించాడు. అప్పటి నుంచీ రోజూ ఆ వివరాలు తెలుగులో పెద్ద అక్షరాలతో కొట్టి, ప్రింటు తీసి, పడవల దగ్గర పాక గోడకు అంటించేది. మొదట్లో మగవాళ్లు నవ్వారు. తర్వాత తర్వాత, కాగితం పడకపోతే రత్నం ఇంటికి మనిషిని పంపించేవారు. ఆ కాగితం చూసి పడవ ఆపుకున్న రోజులు నేనెరుగుదును. ఆ రోజుల్లో రత్నం భర్త పడవ కూడా ఒడ్డునే ఉండేది.

ఆ గది మాకు అంత ముఖ్యం. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఒక వేసవిలో హాలు మీద ఎవరి కన్నో పడిందని విన్నాం. సిటీలో పేరున్న ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్, కొండ అవతల ఒక బ్రాంచి పెట్టాలనుకుంటోంది. కమిటీలో కొందరికి ఇష్టం, కొందరికి కాదు. చివరికి అధ్యక్షుడుగారు ఒక మాటన్నారు. ఇప్పుడున్న కంప్యూటర్లు పనికొస్తాయంటే గది ఆడపిల్లలకే ఉంటుంది, పనికిరావంటే ఇన్‌స్టిట్యూట్‌కి ఇస్తారు. తేల్చాల్సింది ఇంజినీరుగారు. ఆదివారం పొద్దున అందరి ముందూ స్విచ్ వేసి చూద్దామన్నారు.

మేం ధైర్యంగా ఉన్నాం. తేల్చేది మా అన్నయ్యే కదా.

శనివారం మధ్యాహ్నం ఆయన వచ్చాడు. “రేపు పెద్దోలు వత్తారు గదా, ఒకపాలి అన్నీ అప్‌డేట్ సేసి ఉంచుతాను. మీరు ఇంటికెల్లండి,” అన్నాడు. రత్నం ఇంటి నుంచి తెచ్చిన చేపల వేపుడు గిన్నె చూపిస్తే, “శనివారం గదమ్మా” అని పక్కకు జరిపాడు. మామూలుగా అయితే మూత తీసి వాసనైనా చూసేవాడు. అప్పుడు అది నాకు తట్టలేదు.

ఆదివారం కమిటీవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. గుమ్మం దగ్గర ఆడవాళ్లు నిలబడ్డారు. ఆయన ఒక్కొక్క స్విచ్చీ వేసుకుంటూ వెళ్లాడు. కంపెనీ గుర్తు, ఆ తర్వాత నలుపు. రెండోదీ నలుపే. మూడోదాని మీద ఆ డబ్బా తేలింది. వరసంతా అంతే.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “సచ్చిపోనాయండి. ఉప్పుగాలికి లోపల బోర్డులు తినీసినాయి. సేసీదేటీ నేదు.”

నిన్నటిదాకా నడిచినవి అన్నీ ఒకే రాత్రికి పోతాయా? నా చెయ్యి దానంతటదే దగ్గరున్న కీబోర్డు మీదికి వెళ్లి నమ్‌లాక్ నొక్కింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. మళ్లీ నొక్కాను. ఆరింది.

తల ఎత్తి ఆయన వైపు చూశాను. ఆయన నన్నే చూస్తున్నాడు. కళ్లు దించుకున్నాడు.

ఆయనకు తెలియక కాదు. బూట్‌లోడర్‌కి ఈ మానిటర్లు ఎప్పటికీ చూపించలేని కొలత తన చేత్తో రాసిపెట్టి వెళ్లాడు. ఈ గదిలో ఆ పని తెలిసినవాడు ఆయనొక్కడే.

“ఇవి బతికే ఉన్నాయండీ,” అన్నాను.

“లైటు వెలిగితే కంప్యూటర్ పనిచేస్తున్నట్టా అమ్మా?” అన్నారు అధ్యక్షుడుగారు, కోపంగా కాదు, జాలిగా.

“ఒక్క నిమిషం ఆగండి,” అని రత్నం ముందుకొచ్చింది. మిషన్ ఆపి మళ్లీ వేసింది. షిఫ్ట్ పట్టుకుంది. తెర మీద ఏమీ లేదు. కళ్లు మూసుకుంది. ‘సి’ నొక్కింది. వేళ్లు గబగబా కదిలాయి. ఎంటర్. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు మెరిశాయి. గుమ్మంలో ఆడవాళ్లు గోలగా అరిచారు. రత్నం మెనూలోకి వెళ్లి, వరస చివర నోమోడ్‌సెట్ కొట్టి, లేపింది. మాకు తెలిసిన ఆ నీలం బల్ల మెల్లగా విప్పుకుంది.

రత్నం వెనక్కి తిరిగింది. ముందు కమిటీ వైపు కాదు, ఆయన వైపు. పాఠం ఒప్పజెప్పిన పిల్ల మెచ్చుకోలు కోసం చూసినట్టు. ఆ పిల్లకు ఇంకా అర్థం కాలేదు. ఉప్పుగాలి అంటే నిజంగా ఉప్పుగాలే అనుకుంది.

అధ్యక్షుడుగారు ఆయన్ని అడిగారు. “ఏమండీ ఇంజినీరుగారూ, వచ్చింది కదా?”

ఆయన నిజం చెప్పడానికి దారి ఇంకా మిగిలే ఉంది. ‘పొరబడ్డాను’ అంటే చాలు. నేను ఎవరికీ ఏమీ చెప్పేదాన్ని కాదు. గది అంతా ఆయన నోటి వైపు చూస్తోంది.

“అది నిలబడదండి,” అన్నాడు. “ఇప్పుడొత్తాది, రేపు మల్లీ పోతాది. ఆడగుంటల సరదాకి తప్ప ఎందుకూ పనికిరావు.”

అంతే. నేనేం చెప్పినా వినేవాళ్లు లేరు. ఇంజినీరు మాట ముందు, స్కూలు టీచరు మాటా చేపలమ్మే పిల్ల మాటా ఎంత? రత్నం చేతులు ఇంకా కీబోర్డు మీదే ఉన్నాయి. ‘ఆడగుంటల సరదా’ అన్న మాట దగ్గర తీసేసింది.

మిషన్లను తుక్కు వ్యానులో ఎక్కిస్తున్నప్పుడు రత్నం తను కూర్చునే కంప్యూటర్‌ని గట్టిగా పట్టుకుని వదల్లేదు. వ్యాను మనిషి విసుక్కుని, “తీసుకో తల్లీ” అని వదిలేశాడు. మిగతావన్నీ కొండెక్కి వెళ్లిపోయాయి. వాటి ఫ్యాన్ల శబ్దంతో సహా ఒక్కొక్కటీ నాకు తెలుసు.

ఆయన ఎందుకలా చేశాడో నెల తిరక్కుండానే తెలిసింది. మా హాల్లోనే ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. గుమ్మం పక్క గది తలుపు మీద ఆయన పేరు, కింద ‘డైరెక్టర్’ అని ఇత్తడి అక్షరాలు. నేనూ రత్నమూ వెళ్లాం. ఏసీ గదిలో తిరిగే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జేబులో స్క్రూడ్రైవరు లేదు. మమ్మల్ని చూసి లేవబోయి, లేవకుండా ఆగిపోయాడు.

“కూకోండి. టీ తాగుతారా?”

“ఎందుకన్నయ్యా?” అన్నాను. ఇంకేం అడగాలో నాకు తెలియలేదు.

బల్ల మీద అద్దాన్ని తువ్వాలుతో తుడిచాడు. “ప్లాంటులో నా కన్నా సిన్నోలందరూ నా మీద ఆఫీసర్లయిపోనారు సెల్లెమ్మా. తలుపు మీద నా పేరు ఒక్కపాలి సూసుకోవాలనిపించింది. అది తప్పేటి?” కుర్చీ మా వైపు తిప్పి, “నీకు ఇక్కడ ఉద్యోగం ఇప్పిత్తాను. రత్తానికి ఫీజు ఒద్దని సెప్తాను. కొత్త మిషన్లు, సూడు, ఎంత బాగున్నాయో,” అన్నాడు.

రత్నం ఆ కొత్త మిషన్ల వైపు చూడనైనా లేదు. “మాకు మీరియ్యక్కర్నేదు మాస్టారూ,” అంది. “మాది మాకుంటే సాలు. అది మీరు తీసీసినారు.”

అద్దాల తలుపు తోసుకుని బయటికొచ్చేశాం. నా చెప్పు తెగింది ఆ మెట్ల మీద. ఒక చెప్పుతో, ఒక ఒట్టి కాలితో సింధియా బస్సెక్కాను.

ఆ తర్వాత ఆయనతో నేను మాట్లాడలేదు. ఒకసారి ఆర్టీసీ కాంప్లెక్సులో ఎదురుపడితే చెయ్యెత్తాడు. నేను వేరే బస్సు వైపు నడిచాను. ఇన్‌స్టిట్యూట్ బాగానే నడిచింది. ఫీజు కట్టగలిగినవాళ్లు గాజువాక నుంచీ మల్కాపురం నుంచీ వచ్చారు. యారాడ ఆడపిల్లలు మాత్రం ఎవరూ ఆ గుమ్మం ఎక్కలేదు. రత్నం తన కంప్యూటర్‌ని ఇంటి ముందుగదిలో బియ్యం డబ్బా పక్కన పెట్టుకుని, ప్రింటరు లేకపోయినా చేత్తో రాసి పాక గోడకు కాగితం అంటించడం మానలేదు.

ఫ్లెక్సీ చూసిన సాయంత్రమే రత్నానికి ఫోన్ చేశాను. మర్నాడు ఇద్దరం ఆయన ఇంటికి వెళ్లాం. వెళ్లాలని ఎందుకనుకున్నామో ఇద్దరికీ తెలియదు. ఆయన భార్యను నేను చూడటం అదే మొదటిసారి. సన్నటి మనిషి, చాప మీద గోడకానుకుని కూర్చుంది. నా పేరు చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుంది.

“నువ్వేనా అమ్మా సెల్లెమ్మవి! ఎప్పుడూ నీ మాటే. మా సెల్లెమ్మ అలగ, మా రత్తం ఇలగ అనీసి. మరి ఎందుకమ్మా ఒక్కపాలైనా ఇంటికి రానేదు? అడిగితే సెప్పీవోరు కాదు.”

ఆవిడకు ఏమీ తెలియదు. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

“కుదరలేదు వదినా,” అన్నాను. “స్కూల్లో పని ఎక్కువైపోయింది.”

రత్నం చటుక్కున నా వైపు చూసింది. అప్పుడే ఇన్‌స్టిట్యూట్ మనిషొకడు వచ్చి, ఆదివారం సంతాపసభ ఉందనీ, మాస్టారి మొదటి శిష్యురాలిగా రత్నంగారు రెండు మాటలు మాట్లాడాలనీ కోరాడు. రత్నం తల ఊపింది.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. గది పోయింది, అన్నయ్య పోయాడు, పోయాక కూడా ఆయన అబద్ధాన్ని నేనే మోయాల్సి వచ్చింది.

“ఎందుకలగ సెప్పినారు మేడమ్?” అంది రత్నం.

“ఆవిడ ముఖం చూస్తే నోరు రాలేదు.”

రత్నం కొంగుతో కళ్లు తుడుచుకుంది. లోపలున్నంతసేపూ ఏడుస్తూనే ఉందని అప్పుడు గమనించాను.

“ఆదివారం నాను మాట్లాడతాను,” అంది. “నాకు అచ్చరం అచ్చరం నేర్పినాడు, అది సెప్తాను. మా గది తీసీసినాడు, అదీ సెప్తాను. రెండూ ఆయనే సేసినాడు గదా.”

“వాళ్లావిడ వింటుంది రత్నం.”

“ఆ రోజు అందరి ముందర ఆయనన్న మాట నానూ విన్నాను గదా మేడమ్.”

ఆటో వచ్చి ఆగింది. తను ముందు ఎక్కి, నాకు చోటిచ్చి జరిగి కూర్చుంది. సభలో చెప్పొద్దని నేను అనలేదు.